పసిఫిక్ దీవులు: తంతి నుంచి ఉపగ్రహం దాకా

చిన్న ద్వీప దేశాలు ముందుకు సాగాలంటే సమాచార సాంకేతికతే దారి అన్న మాట 1994 నాటి బార్బడోస్ సదస్సు నుంచి ఐక్యరాజ్యసమితి వేదికల మీద వినబడుతూనే ఉంది. 2005లో మారిషస్‌లో, 2014లో సమోవాలో, 2024లో ఆంటిగ్వాలో కూడిన సభలూ ఆ మాటే చెప్పాయి. మార్కెట్లకు, పెద్దాసుపత్రులకు, విశ్వవిద్యాలయాలకు దూరంగా పడి ఉండడమే ఈ దేశాల కష్టాలకు మూలమని, మంచి నెట్‌వర్క్ ఉంటే ఆ దూరం తెలియకుండా పోతుందని ఆ సభల నమ్మకం. ఇందులో నిజం ఉంది. కిరిబాటీనే చూడండి: 33 దీవులు, అన్నీ కలిపినా 811 చదరపు కిలోమీటర్ల నేల. అవి చెదిరి ఉన్న సముద్రం మాత్రం 35 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశ వైశాల్యం కన్నా ఎక్కువ. అలాంటి చోట ఫోనూ ఇంటర్నెట్టూ అవసరమా అని ఎవరూ అడగరు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పసిఫిక్ దీవులకు తంతి వచ్చి నూట ఇరవై ఏళ్లు దాటింది, ఉపగ్రహం అందుబాటులోకి వచ్చి యాభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఏది అక్కడి మనుషుల అక్కరకొచ్చింది, ఏది వాళ్ల పక్కనుంచి సాగిపోయింది, ఎందుకు? ఆ చరిత్ర తిరగేస్తే నాకు తోచింది ఇది: యంత్రం ఎంత కొత్తది, ఎంత వేగమైనది అన్నదానికన్నా, దాన్ని అందుకుని నడపడానికి దీవులవాళ్ల సొంత సంస్థ ఒకటి అక్కడ ఉందా లేదా అన్నదే ప్రతిసారీ ఫలితాన్ని తేల్చింది.

మొదటి తీగ సంగతి చూద్దాం. 1902 అక్టోబరు చివరికి పసిఫిక్ అడుగున బ్రిటిష్ సామ్రాజ్యపు తంతి పూర్తయింది. కెనడా పడమటి తీరంలోని బామ్‌ఫీల్డ్‌లో మొదలై, ఫానింగ్ దీవి మీదుగా ఫిజీలోని సువాకు, అక్కడి నుంచి నార్ఫోక్ దీవికి, అక్కడ రెండు పాయలై ఆస్ట్రేలియాకూ న్యూజీలాండ్‌కూ వెళ్లింది. బామ్‌ఫీల్డ్ నుంచి ఫానింగ్ దాకా ఉన్న ముక్క ఒక్కటే దాదాపు 6,400 కిలోమీటర్లు. ఆనాటికి ప్రపంచంలో అంత పొడవైన సముద్రపు తంతి మరొకటి లేదు. కెనడా ఇంజనీరు శాండ్‌ఫోర్డ్ ఫ్లెమింగ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి దీనికోసం పట్టుబట్టింది ఒకే కారణానికి: లండన్ నుంచి సామ్రాజ్యపు మూలలకు వెళ్లే కబురు పరాయి నేల తాకకూడదు. తంతి సంకేతం అంత దూరం బలంగా సాగదు కాబట్టి మధ్యలో ఎక్కడో అందుకుని మళ్లీ పంపాలి. దీవులతో ఆ తీగకున్న పని అంతవరకే. 1914 సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌక న్యూర్న్‌బెర్గ్ ఫానింగ్ దీవికి వచ్చి తీగను తెంపేసింది. లండన్, ఒట్టావా, సిడ్నీల మధ్య నడిచే కబుర్ల కోసం, తనకు ఏ సంబంధమూ లేని యుద్ధంలో ఆ చిన్న దీవి దాడికి గురైంది.

ఆ తీగ ఎవరికి అందిందో చెప్పడానికి అప్పటి ధరలు చాలు. ఆస్ట్రేలియా నుంచి బ్రిటన్‌కు ఈ తంతి మీద ఒక్కో మాటకు మూడు షిల్లింగులు తీసుకునేవారు. తీగ సువా చేరిన మరుసటి ఏడాది, 1903లో, మద్రాసు నుంచి ఫిజీకి గిర్మిట్ (ఒప్పంద) కూలీల ఓడలు మొదలయ్యాయి. ఆ ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకు తోటలో మగకూలీకి రోజు పని పూర్తిచేస్తే దక్కేది ఒక షిల్లింగు, ఆడకూలీకి తొమ్మిది పెన్నీలు. మూడు రోజులు వెన్ను విరిగేలా చెరకు కొడితే ఆ తంతి మీద ఒక మాట ఖరీదు. తమ ఊళ్లో తల్లి చనిపోయిందో, తమ్ముడికి పెళ్లయిందో తెలియాలంటే వాళ్లు ఓడలో వచ్చే ఉత్తరం కోసమే నెలల తరబడి ఎదురుచూశారు. ప్రపంచంలోకెల్లా గొప్ప సమాచార సాధనం వాళ్లకు కొద్ది మైళ్ల దూరంలోనే నేలకెక్కి, మళ్లీ సముద్రంలోకి దిగిపోయింది. ఈ తంతి స్థానంలో 1963లో టెలిఫోను కేబుల్ వచ్చింది. ఇక సంకేతాన్ని మధ్యలో అందుకునే మనుషులతో పని లేకపోయేసరికి ఫానింగ్ కేంద్రం మూతపడింది. అరవై ఏళ్లూ ఆ తంతి నడిచింది దూరదేశాల కబుర్ల కోసమే. ఇప్పుడా దీవి పేరు టబువేరన్, కిరిబాటీ దేశంలో ఒక మారుమూల.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ 1968లో సువాలోనే మొదలైంది. లౌథలా బేలో న్యూజీలాండ్ వైమానిక దళం తన నీటివిమానాల స్థావరాన్ని ఖాళీ చేసి వెళ్లిపోతే, ఆ కట్టడాల్లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం తెరిచారు. దాని ప్రత్యేకత యాజమాన్యంలో ఉంది. అది ఒక్క ఫిజీది కాదు. కుక్ దీవులు, కిరిబాటీ, మార్షల్ దీవులు, నౌరు, నియూ, సమోవా, సోలమన్ దీవులు, టోకెలావ్, టోంగా, తువాలు, వనువాటు, ఫిజీ: ఇవాళ పన్నెండు దేశాల ఉమ్మడి ఆస్తి. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా విశ్వవిద్యాలయాన్ని పోషించలేదు. టోకెలావ్ జనాభా మూడు వేల లోపే. విద్యార్థులందరినీ సువాకు రప్పించడం అయ్యే పని కాదు; ఊళ్లో ఉపాధ్యాయుడో, నర్సో, గుమాస్తానో అయినవాడు మూడేళ్లు ఉద్యోగం వదిలేసి వస్తే దీవిలో ఆ పని చేసేవాడు ఉండడు. అందుకని 1970ల మొదట్లోనే దూరవిద్య మొదలుపెట్టి, ఒక్కో సభ్యదేశంలో ఒక్కో కేంద్రం తెరుస్తూ వెళ్లారు. అచ్చు పాఠాలు ఓడల్లో వెళ్లేవి, జవాబు పత్రాలు ఓడల్లో వచ్చేవి. ఓడ ఆలస్యమైతే చదువూ ఆలస్యమే. అంటే ఉపగ్రహం కంటే ముందే ఒక అవసరం, దాన్ని తీర్చాలని కష్టపడుతున్న మనుషులు, అందరూ కూర్చునే ఒక గది, ఇవన్నీ దీవుల్లో ఉన్నాయి. నా వాదనకు కీలకం ఈ ముందు వెనుకలే.

ఉపగ్రహం మాత్రం వీళ్ల కోసం ఎగిరింది కాదు. నాసా 1966 డిసెంబరులో ఏటీఎస్-1 అనే ప్రయోగాత్మక ఉపగ్రహాన్ని పసిఫిక్ మీద భూస్థిర కక్ష్యలో నిలిపింది. మేఘాల చిత్రాలు తీసే కెమెరా, రకరకాల ప్రసార పరికరాలు అందులో ఉన్నాయి. నాసా ప్రయోగాలు అయిపోయాక కూడా అది బతికే ఉంది. హవాయి విశ్వవిద్యాలయంలో జాన్ బిస్ట్రమ్ అనే ఆచార్యుడు, దాన్ని ప్రజావసరాలకు వాడుకోనివ్వండని అడిగి, 1971లో పీస్‌శాట్ అనే ప్రయోగం మొదలుపెట్టారు. కొద్దికాలానికే సువా అందులో చేరింది. ఆ రోజుల్లో అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థతో కలవాలంటే ముప్పై మీటర్ల డిష్, దానికి లక్షల డాలర్లు కావాలి. ఏటీఎస్-1లో ఉన్న వీహెచ్ఎఫ్ పరికరం అలా కాదు. టాక్సీల్లో, పోలీసు జీపుల్లో వాడే రకం రేడియో సెట్టును కాస్త మార్చుకుని, పైకప్పు మీద ఒక యాంటెన్నా బిగించుకుంటే చాలు. మొత్తం కొన్ని వేల డాలర్లలో అయిపోయేది. అక్కడి కేంద్రాల్లో పనిచేసేవాళ్లే దాన్ని నడిపారు, చెడితే విప్పి చూశారు.

ఒక పాఠం ఎలా సాగేదో దగ్గర నుంచి చూస్తే ఆ ఏర్పాటులోని బలం అర్థమవుతుంది. అందరికీ కలిపి ఉన్నది ఒకే ఒక మాట దారి. ఒకరు మీట నొక్కి మాట్లాడుతుంటే మిగతా దేశాలన్నీ వినాల్సిందే. తన మాట అయిపోయిందని చెప్పి మీట వదిలితేనే ఇంకొకరికి అవకాశం. బొమ్మ లేదు. సువాలో అధ్యాపకుడు వరసగా ఒక్కో కేంద్రాన్నీ పేరుపెట్టి పిలిచి, అక్కడ ఎవరైనా ఉన్నారని నిర్ధారించుకున్నాకే పాఠం మొదలు. ముందుగా అచ్చువేసి పంపిన పుస్తకంలో అందరూ ఒకే పుట తెరిచి ఉంటారు. టైంటేబుల్ వేయడమే ఒక విద్య. అంతర్జాతీయ దినరేఖ ఈ విశ్వవిద్యాలయం నడిమధ్యగా పోతుంది. సువాలో, టోంగాలో సోమవారమైతే కుక్ దీవుల్లోని రారోటోంగాలో, నియూలో, అప్పట్లో సమోవాలో కూడా ఆదివారం. ఆదివారం అక్కడ చర్చి తప్ప మరో పని జరగదు. అటువాళ్ల శుక్రవారం ఇటువాళ్లకు శనివారం. అందరికీ కలిసొచ్చే పనిదినాలు వారానికి నాలుగే. ఆ నాలుగు రోజుల్లో, ఉపగ్రహం మీద తమకు దక్కిన గంటల్లో, చదువుతోపాటు వైద్యుల సంప్రదింపులు, వ్యవసాయ సలహాలు, డెంగీ, కలరా లాంటి జబ్బులు లేచినప్పుడు మందులూ మనుషులూ ఎక్కడినుంచి రావాలన్న కబుర్లు, అన్నీ సర్దుకోవాలి. ఒక దీవిలోని వైద్యుడు అడిగిన సందేహం మిగతా దీవుల వైద్యులందరి చెవినా పడేది. ఒకే దారి ఉండడం కొరతే. అయినా అందరూ ఒకరినొకరు వినక తప్పని ఆ అమరిక, ఎన్నడూ ఒకరినొకరు చూడని దేశాల ఉద్యోగులను ఒక బృందంగా కలిపింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: అరువు తెచ్చుకున్న ఉపగ్రహం మీద కట్టిన ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? నిలవలేదు, నిజమే. ఉద్దేశించిన దానికన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ పనిచేసిన ఏటీఎస్-1, 1985లో ఇంధనం చాలక తన చోటు నుంచి జారిపోయింది. దాన్ని నిలబెట్టే శక్తి సువాకు లేదు, అలాంటిదే ఇంకొకటి పంపండని గట్టిగా అడిగే హక్కూ లేదు. పన్నెండు, పదమూడేళ్లు కష్టపడి అల్లుకున్న వ్యవస్థ కొన్నాళ్లలో మూగబోయింది. సాంకేతికతలో పరాధీనత గురించి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు. అయితే చరిత్ర అక్కడ ఆగలేదు. ఉపగ్రహం పోయింది గాని కేంద్రాలు పోలేదు. పాఠాలు, సమన్వయకర్తలు, విద్యార్థులు, గంట కొట్టే వేళకు వచ్చి కూర్చునే అలవాటు, అన్నీ ఉన్నాయి. పాత షార్ట్‌వేవ్ రేడియో, టెలిఫోను సంస్థల నుంచి తీసుకున్న లైన్లు, ఏది దొరికితే దాంతో కొన్ని కేంద్రాలను కలుపుకుంటూ విశ్వవిద్యాలయం నెట్టుకొచ్చింది. 2000లో సొంత ఉపగ్రహ నెట్‌వర్క్ యూఎస్‌పీనెట్ వచ్చింది. జపాన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ డబ్బు సాయం చేశాయి, సభ్యదేశాలు తమ వాటా వేసుకున్నాయి. సువాలో ప్రధాన కేంద్రం, ఒక్కో దేశంలో ఒక్కో చిన్న డిష్. ఈసారి మాటతోపాటు బొమ్మ, ఈమెయిలు, కంప్యూటరు పాఠాలు కూడా ప్రయాణం చేశాయి. ఓడల్లో తిరిగిన కాగితం, ఏటీఎస్-1, షార్ట్‌వేవ్, డిష్, ఆ తర్వాత సముద్రపు కేబుళ్లు: సాధనాలు ఇన్నిసార్లు మారినా ఆ తరగతి గది మారలేదు.

సంస్థ లేకుండా సాంకేతికత ఒక్కటే ఉంటే ఏమవుతుందో పొరుగునే ఉన్న మరో రెండు ఉదంతాలు చూపుతాయి. 1988లో టోంగా, పసిఫిక్ మీది ఉపగ్రహ కక్ష్యలో తనకు 16 స్థానాలు కావాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌ను అడిగింది. పెద్ద ఉపగ్రహ సంస్థలు అభ్యంతరం చెప్పాక చివరికి ఆరింటితో సరిపెట్టుకుంది. ఆకాశంలో చోటు చిన్న దేశానికీ హక్కే అని గుర్తుపట్టడం తెలివైన పనే. కానీ ఆ స్థానాలు విదేశీ సంస్థలకు అద్దెకిచ్చే వ్యాపారంగా, ఒక ప్రైవేటు కంపెనీ చేతుల్లో నడిచాయి. తువాలుకు ఇంటర్నెట్ చిరునామాల పంపకంలో టీవీ అనే రెండు అక్షరాలు వచ్చాయి. ప్రపంచంలోని వీడియో వ్యాపారానికంతటికీ ఆ అక్షరాలు ముద్దు. 2000లో ఒక అమెరికన్ సంస్థ పన్నెండేళ్లకు 5 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పందం చేసుకుంది. వచ్చిన మొదటి డబ్బుతో తువాలు ఐక్యరాజ్యసమితిలో చేరే ఖర్చులు పెట్టుకుని, అదే ఏడాది సెప్టెంబరులో 189వ సభ్యదేశమైంది. రాజధాని ఫునాఫుటిలో రోడ్లకు తారు పడింది. పదకొండు వేల జనాభా ఉన్న దేశానికి ఇది చిన్న మేలు కాదు. ఐరాసలో గొంతు లేకపోతే సముద్రమట్టం గురించి తువాలు చెప్పేది ఎవరు వినేవారు? అయినా దీన్ని సాంకేతికతతో సాధించిన అభివృద్ధి అనలేను. అది భూమి కౌలు లాంటి ఆదాయం. ప్రపంచం ఆ చిరునామాలతో వీడియోలు చూస్తున్న రెండు దశాబ్దాల కాలం తువాలు ఇంటర్నెట్ అంతా ఇరుకైన, ఖరీదైన ఉపగ్రహ లింకు మీదే ఆధారపడింది. డొమైన్ నడిపే పని, దాని సర్వర్లు, దాని మెళకువలు అన్నీ విదేశంలోనే ఉండిపోయాయి.

దీనికి మార్కెట్ పక్షాన ఒక బలమైన వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. విశ్వవిద్యాలయాల ఉమ్మడి నెట్‌వర్కుల కన్నా 2006 తర్వాత వచ్చిన మొబైల్ పోటీయే దీవుల్ని ఎక్కువగా మార్చిందని ఆ వాదన. అప్పటిదాకా చాలా దేశాల్లో టెలిఫోను ఒకే కంపెనీ గుత్తాధిపత్యం. కనెక్షను దొరకడమే గగనం, దొరికినా బిల్లు మోయలేరు. డిజిసెల్ అనే మొబైల్ కంపెనీ మొదట సమోవాలో, తర్వాత పపువా న్యూ గినీ, వనువాటు, ఫిజీ, టోంగాల్లో అడుగుపెట్టాక ధరలు పడిపోయాయి, పల్లెల్లోకి ఫోన్లు వచ్చాయి. న్యూజీలాండ్‌లో తోటపనికి వెళ్లిన కొడుకు పంపిన డబ్బు టోంగాలో తల్లికి చేరడం సులువైంది. ఇదంతా నిజం, గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా మంచిది కాదని ఈ అనుభవం నేర్పింది. అయితే అదే చరిత్ర తర్వాతి పుట కూడా చదవాలి. టవరు పెట్టేముందు కంపెనీ చూసేది దాని కింద ఎంతమంది చందాదారులున్నారన్నదే. రెండు, మూడు వందల మంది ఉండే పగడపు దీవికి ఆ లెక్క ఎప్పటికీ కుదరదు. ఇక 2022లో ఆ కంపెనీ పసిఫిక్ వ్యాపారాన్ని ఆస్ట్రేలియాకు చెందిన టెల్‌స్ట్రా 160 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, అందులో 133 కోట్లు సమకూర్చింది ఆస్ట్రేలియా ప్రభుత్వం. చైనా చేతుల్లోకి వెళ్తుందేమోనన్న ఆందోళన అందుకు కారణం. పోటీతో మొదలైన కథ పెద్ద రాజ్యాల వ్యూహంలో తేలింది. సొంత తీగ పరాయి నేల తాకకూడదనుకున్న 1902 నాటి ఆలోచనకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించాలి. ఇన్ని దేశాల ప్రజలు వాడే ఫోను వ్యవస్థ ఎవరిదన్న నిర్ణయంలో ఆ దేశాల మాట ఎంతవరకు చెల్లింది?

కేబుల్ వస్తే చాలన్న నమ్మకానికి టోంగా పెద్ద పరీక్ష పెట్టింది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల డబ్బుతో 2013లో ఫిజీ నుంచి టోంగాకు 827 కిలోమీటర్ల కేబుల్ వేశారు. ఇంటర్నెట్ వేగం ఒక్కసారిగా పెరిగింది, పాత ఉపగ్రహ లింకులు అనవసరమైన ఖర్చుగా కనిపించాయి. 2019 జనవరిలో కేబుల్ తెగింది. దాదాపు రెండు వారాలు దేశం మొత్తం కొద్దిపాటి ఉపగ్రహ లింకుతో గడిపింది. 2022 జనవరి 15న హుంగా టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రగర్భంలో కొట్టుకొచ్చిన బూడిద, రాళ్లు 80 కిలోమీటర్లకు పైగా తీగను ముక్కలు చేశాయి. మరమ్మతు నౌక రిలయన్స్ పపువా న్యూ గినీ నుంచి రావాల్సి వచ్చింది. బయటి ప్రపంచంతో మామూలుగా మాట్లాడడానికి అయిదు వారాలు పట్టింది. వవావు దీవులకు వెళ్లే దేశీయ కేబుల్ కోలుకోవడానికి ఏడాదికి పైనే. ఈలోగా ఎవరు బతికున్నారో, ఎవరి ఇల్లు పోయిందో విదేశాల్లోని బంధువులకు తెలియలేదు, వాళ్లు పంపిన డబ్బు అందే దారి మూసుకుపోయింది.

అందుకే ఇప్పుడు చాలామంది స్టార్‌లింక్ లాంటి కొత్త తరం ఉపగ్రహాల వైపు చూస్తున్నారు. చిన్న డిష్, ఎక్కడ పెడితే అక్కడ నెట్, తెగడానికి తీగ లేదు. ఇక ఉమ్మడి సంస్థల గొడవ దేనికని వాళ్ల ప్రశ్న. విపత్తు వేళ ఆ డిష్‌ల ప్రయోజనాన్ని కాదనలేం, టోంగాలో పేలుడు తర్వాత అవీ వచ్చాయి. కానీ ఇందులో ఏటీఎస్-1 నాటి బలహీనతే ఇంకాస్త పెద్దదై ఉంది. ఉపగ్రహం ఎవరిదో, నిర్ణయం వాళ్లదే. ధర పెంచినా, సేవ ఆపినా దీవి చేయగలిగింది లేదు. ఆనాడు కనీసం యాంటెన్నా కింద ఒక ఉమ్మడి తరగతి గది ఉండేది, ఉపగ్రహం పోతే మిగలడానికి. ఇంటింటికీ విడివిడిగా చందా కట్టే ఏర్పాటులో, చందా ఆగిన రోజున మిగిలేదేమిటి? కొత్త ఉపగ్రహాలు వద్దని నేననను. పన్నెండు దేశాలు కలిసి బేరమాడి కొనుక్కుంటే వచ్చే బలం ఒక్కో ఇంటికీ రాదంటాను.

ఉమ్మడి సంస్థలంటే ఉమ్మడి తగాదాలు కూడా అన్న విమర్శ మాత్రం గట్టిదే. దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో నిధులు, పదవులు, ప్రధాన ప్రాంగణం అన్నీ ఫిజీలోనే ఉన్నాయన్న అసంతృప్తి మొదటి నుంచీ ఉంది. దూరవిద్యలో మధ్యలో మానేసేవాళ్లూ తక్కువ కాదు. 2021 ఫిబ్రవరిలో ఫిజీ ప్రభుత్వం ఉపకులపతి పాల్ అహ్లువాలియాను దేశం నుంచి పంపేసింది. తన వాటా నిధులనూ ఆపేసింది. 2022 చివర్లో ప్రభుత్వం మారాక గాని ఆ వ్యవహారం సర్దుకోలేదు. ప్రభుత్వమే ఇలా ఎదురు తిరిగితే ఒకే దేశపు విశ్వవిద్యాలయం కుప్పకూలేది. ఇక్కడ మిగతా దేశాలు ఉపకులపతి వెనక నిలబడ్డాయి. ఆయన మొదట నౌరు నుంచి, తర్వాత సమోవా ప్రాంగణం నుంచి విశ్వవిద్యాలయాన్ని నడిపించారు. సువాలో పాఠాలు ఆగలేదు. యాభై ఏళ్లుగా దూరం నుంచి పని నడపడం అలవాటైన సంస్థ కాబట్టే అది సాధ్యమైంది. సంస్థను తగాదా నుంచి గట్టెక్కించింది పన్నెండు మంది యజమానులుండడమూ, వాళ్ల మధ్య నెట్‌వర్క్ ఉండడమూ, రెండూ కలిసే.

ఈ వెలుగులో చూడాల్సిన కొత్త ప్రయత్నం తువాలుది. సముద్రం నేలను మింగేస్తే దేశం ఏమవుతుందన్న భయంతో, 2022 నవంబరులో ఆ దేశ మంత్రి సైమన్ కోఫే తువాలు డిజిటల్ దేశం కాబోతోందని ప్రకటించారు. దీవుల రూపాన్ని త్రీడీ పటాలుగా భద్రపరచడం, జనన మరణాల నుంచి పౌరసత్వం దాకా ప్రభుత్వ పత్రాలను కంప్యూటర్లలోకి ఎక్కించడం, పాటలూ కథలూ ఆచారాలూ రికార్డు చేయడం అందులోని పనులు. 2023లో రాజ్యాంగాన్ని సవరించి, నేల పోయినా తువాలు రాజ్యంగా శాశ్వతంగా ఉంటుందని రాసుకున్నారు. ఈ సంకల్పం ముందు నేను తల వంచుతాను. ఇంతటి పని ప్రకటనల స్థాయి దాటాలంటే తేలాల్సిన విషయాలు మాత్రం చాలా మామూలువి: ఆ పటాలు ఏ దేశంలోని సర్వర్లలో ఉంటాయి, వాటి అద్దె ఏటా ఎవరు కడతారు, ఆ ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్ పాతబడితే కొత్తదానిలోకి మార్చే పని ఫునాఫుటిలో ఎంతమందికి వచ్చు, వాళ్లు ఆస్ట్రేలియాకు వలసపోతే తర్వాతివాళ్లకు ఎవరు నేర్పుతారు. టీవీ డొమైన్ ఆదాయంలో కొంత భాగాన్ని ఏటా ఈ మనుషుల శిక్షణకే కేటాయిస్తే, ఆ శిక్షణను ఫునాఫుటిలో ఇప్పటికే ఉన్న విశ్వవిద్యాలయ కేంద్రానికే అప్పగిస్తే, మొదలుపెట్టడానికి కొత్త భవనం కూడా అక్కర్లేదు.